గుర్రాలు కడిగిన చేతులు

నేటి ధ్యానానికి: ద్రోణపర్వంలో సైంధవ వధ ఘట్టం

యుద్ధం మొదలై పద్నాలుగో రోజు. పొద్దుగుంకేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు మాట ఇచ్చేశాడు. ఒక్క క్షణం కూడా వృథా చేయడానికి లేదు. అయినా కృష్ణార్జునులు రణం మధ్యలో రథం ఆపారు. గుర్రాలు అలసిపోయాయి, వాటి ఒంటినిండా బాణాలున్నాయి. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతూనే బాణంతో భూమిని చీల్చి నీళ్లు రప్పించాడు. కృష్ణుడు కాడి విప్పాడు. తన రెండు చేతులతో బాణాలు పెరికాడు, ఒళ్లు తోమాడు, నీళ్లు పట్టాడు, మేత పెట్టాడు. అవి తేరుకున్నాకే మళ్లీ రథానికి కట్టాడు.

చిన్నప్పటి నుంచి వింటున్న కథే. విన్న ప్రతిసారీ నా మనసు అర్జునుడి బాణం దగ్గరే నిలిచిపోయేది. ఆ రెండు చేతులు నాకు కనపడింది ఈ ఏడాదే, నలభై ఆరో ఏట గుర్రపుస్వారీ నేర్చుకోవడానికి వెళ్లాక.

మాది ఉక్కు కర్మాగారం ఉన్న భిలాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తర్వాత కొన్నేళ్లకు మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి రేకుపెట్టె ఒకటి పట్టుకుని ఇక్కడికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, సెక్టార్ 5 బాలాజీ గుడి ప్రసాదం తింటూ పెరిగాను. ఇప్పుడు రైల్ మిల్లులో, పుల్పిట్ అనే కంట్రోల్ గదిలో నా పని. ఎర్రగా కాలిన బ్లూమ్, అంటే ఉక్కు దిమ్మ, కళ్లెదుట రోలర్ల మీద పరిగెడుతుంది. లివర్ ముందుకు తోస్తే ముందుకు పోతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇనుము నా మాట వింటోంది. గుర్రమూ అలాగే వింటుందనుకున్నాను.

దుర్గ్ శివారులో గుర్రాలు పెంచే ఆయన ఒకరున్నారు. పెళ్లిళ్ల రోజుల్లో బరాత్‌లకు పంపుతారు, మిగతా రోజుల్లో స్వారీ నేర్పుతారు. మొదటి ఆదివారం ఆయన నన్ను జీను ముట్టుకోనివ్వలేదు. "ముందు మాలీసు చెయ్యండి సాబ్" అన్నారు. సరిగ్గా ముక్కు ముందూ తోక వెనకా ఉన్నది గుర్రానికి కనిపించదట, అందుకని భుజం పక్కనుంచి రమ్మన్నారు. తర్వాత డెక్క శుభ్రం చేయడం. భుజం మీద చెయ్యి వేసి, కాలి పొడుగునా మెల్లగా కిందికి దించాలి. అలా దించాను. ఆ ఆడగుర్రం బరువంతా మిగతా మూడు కాళ్ల మీదికి మార్చుకుని, నాలుగోది నా అరచేతిలో పెట్టింది. డెక్క నడుమ మెత్తటి మూడుమూలల దిమ్మ ఉంటుంది, కొక్కెం అక్కడ గుచ్చుకోకూడదు. దాని పక్క గాడిలో మట్టితో పాటు చిన్న గులకరాయి ఇరుక్కుని ఉంది. అది ఊడి పడగానే గుర్రం పెద్దగా ఊపిరి వదిలింది. ఆ వెచ్చదనం నా వీపుకు తగిలింది.

మూడో ఆదివారం, ఎడమవైపు నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కాను. భయంతో బిగుసుకుపోయాను. గుర్రం కదలలేదు, చెవులు మాత్రం నా వైపు తిప్పింది. "మీరు ఊపిరి వదలండి, అది వింటోంది" అన్నారాయన. మనిషి కంగారు గుర్రానికి పాకడాన్ని స్వీడన్‌లో పరిశోధకులు కొలిచి 2009లో ప్రచురించారు. గుర్రాన్ని నడిపిస్తున్న వారితో, ఈసారి అటు వెళ్లేటప్పుడు గొడుగు ఠక్కున తెరుస్తామని చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దానితో పాటే గుర్రం గుండె వేగమూ పెరిగింది. ఊపిరి వదిలాను. తల ఎత్తి దూరంగా కనిపిస్తున్న ప్లాంటు చిమ్నీల వైపు చూశాను. గుర్రం అడుగు వేసింది.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం మీద స్వామిని చూశాను, చిన్నప్పుడు, నాన్నగారి భుజాల మీంచి. గుర్రమెక్కిన దేవుడికి దణ్ణం పెట్టడం అప్పుడే వచ్చింది. గుర్రం కాళ్ల దగ్గర వంగిన దేవుడికి పెట్టడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

డెక్క శుభ్రం చేసిన ఆ మొదటి ఆదివారం, ఇంటికి వచ్చేసరికి పదకొండయింది. నాన్నగారు వరండాలో కూర్చుని, వంగలేక వంగుతూ కాలిగోళ్లు తీసుకోబోతున్నారు. ఎనభై దాటిన మనిషి. రోజూ చూస్తున్న కాళ్లే, ఏనాడూ పట్టుకోలేదు. కింద కూర్చున్నాను. "ఒద్దురా నాన్నా, నేను తీసుకుంటాన్లే" అని కాలు వెనక్కి లాక్కున్నారు. లాగలేదు నేను. మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి దించాను. కాసేపటికి పాదం నా చేతిలో పెట్టారు.

ప్రార్థన: పార్థసారథీ, పొద్దు వాలిపోతున్నా నువ్వు తొందరపడలేదు. నా చేతులకు ఆ నిదానం ఇవ్వు. నొప్పి ఎక్కడుందో తడిమి తెలుసుకునే ఓపిక ఇవ్వు.