చివరి పేజీలో రాసే మాట ఎవరికి?

ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని తన తొలి పేపర్‌ను జర్నల్‌కు పంపబోతోంది. పాఠం, పట్టికలు అన్నీ సిద్ధం. చివర్లో జర్నల్ అడిగిన వివరాలే మిగిలాయి. డబ్బు ఎవరిచ్చారు? ఎవరితోనైనా ఆర్థిక సంబంధాలున్నాయా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? పాల్గొన్నవారి సమ్మతి తీసుకున్నారా? వాటి దగ్గర ఆగిపోయి, డిగ్రీలో తనకు తర్కం చెప్పిన మాస్టారి దగ్గరికి వెళ్లింది.

విద్యార్థిని: మాస్టారూ, వాదన చేసినవాణ్ని కాదు, వాదననే చూడమని మీరే నేర్పారు. నా అంకెలు సరైనవైతే చాలదా? డబ్బు ఎవరిచ్చారన్నది పాఠకుడికి దేనికి?

మాస్టారు: గణితంలో నిరూపణైతే అక్కర్లేదమ్మా. అందులో ప్రతి మెట్టూ పాఠకుడు తానే సరిచూసుకోగలడు. నీ పేపర్ అలాంటిదా? నువ్వు తిరిగిన ఊళ్లు, వేసిన ప్రశ్నలు, పక్కన పెట్టేసిన జవాబులు అతను చూశాడా?

విద్యార్థిని: లేదు. నా మాట నమ్మాల్సిందే.

మాస్టారు: అంటే నీ పేపర్ అతనికి ప్రత్యక్షం కాదు, శబ్ద ప్రమాణం, అంటే ఇంకొకరి మాట నమ్మి తెలుసుకునేది. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై, అంటే నమ్మదగినవాడై ఉండాలంటుంది న్యాయదర్శనం. ఆప్తుడికి న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పిన లక్షణాలు రెండు. విషయాన్ని స్వయంగా తెలుసుకుని ఉండాలి. తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటే అన్నాడు. నీ పద్ధతిని, డేటాను బయటపెట్టడం మొదటిదానికి ఆధారం. డబ్బు సంగతి, సంబంధాల సంగతి చెప్పడం రెండోదానికి.

విద్యార్థిని: డబ్బు పుచ్చుకున్నంత మాత్రాన అబద్ధమాడినట్టా?

మాస్టారు: కాదు. ఒక్క అబద్ధమూ ఆడకుండానే మనసు ఒకవైపు మొగ్గుతుంది. 1967లో హార్వర్డ్ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సమీక్ష రాశారు. అందులో గుండెజబ్బుల విషయంలో నేరమంతా కొవ్వు మీదికి వెళ్లింది, చక్కెర పక్కకు తప్పుకుంది. ఆ సమీక్షకు చక్కెర పరిశ్రమకు చెందిన షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ 6,500 డాలర్లు ఇచ్చిందని 2016లో పాత ఉత్తరాలు బయటపడ్డాకే లోకానికి తెలిసింది. ఇతర దాతల పేర్లు ఆ వ్యాసంలో ఉన్నాయి, ఈ ఒక్క పేరే లేదు.

విద్యార్థిని: అప్పట్లో ఆ జర్నల్ అలాంటి వివరాలు అడిగేది కాదు కదా. ఆ నియమం 1984లో వచ్చింది.

మాస్టారు: అప్పటికి నియమం రాలేదు, నిజమే. కానీ ఆ సంగతి తెలిసి ఉంటే పాఠకులు ఆ సమీక్షను ఇంకో కంటితో చదివేవారు. అది రాసినవాళ్లకు తెలియదంటావా? చెప్పాల్సిన బాధ్యత నియమం నుంచి పుట్టదు. అవతలివాడు మన మాట మీద ఆధారపడటం నుంచి పుడుతుంది.

విద్యార్థిని: సరే, చెప్పేస్తాను. చెప్పేస్తే నా బాధ్యత తీరినట్టేనా?

మాస్టారు: అక్కడే జాగ్రత్త కావాలి. 2005లో కెయిన్, లోవెన్‌స్టైన్, మూర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. జాడీలో నాణేల విలువ ఎంతో కొందరు అంచనా వేయాలి. జాడీని దగ్గరగా చూసినవాళ్లు వాళ్లకు సలహా ఇస్తారు. అవతలివాళ్లు ఎక్కువ అంచనా వేస్తే కొందరు సలహాదారులకు ఎక్కువ డబ్బు ముడుతుంది. ఆ సంగతి ముందే చెప్పించినప్పుడు సలహాదారులు తగ్గలేదు సరికదా, ఇంకా పెంచి చెప్పారు. చెప్పేశాం కదా అన్న ధీమా మనిషికి తెగువ ఇస్తుంది. జర్నల్ అడిగిన ఆ నాలుగు వాక్యాలూ పాపపరిహారం కావమ్మా.

విద్యార్థిని: అయినా దాచడం కన్నా చెప్పడమే మేలు కదా?

మాస్టారు: మేలే. అయితే టస్కీగీ అధ్యయనం సంగతి చూడు. 1932లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్ అలబామాలో సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను గమనించడం మొదలుపెట్టింది. పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్లకు వైద్యం అందనివ్వలేదు. 1972 దాకా ఇదే సాగింది. ఇది రహస్యం అనుకుంటున్నావా? 1936 నుంచీ వైద్య పత్రికల్లో పేపర్లు వస్తూనే ఉన్నాయి.

విద్యార్థిని: 1965లో ఒక డాక్టర్ అలాంటి పేపర్ చదివి, ఇది తప్పని ఉత్తరం రాశారు కదా. అచ్చులో ఉండబట్టే ఆయన కంట పడింది.

మాస్టారు: నిజం. అందుకే అచ్చువేయడం అవసరమంటాను. కానీ ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. డాక్టర్లకు అన్నీ తెలుసు. మీకు చెడు రక్తం ఉందన్న మాట తప్ప ఆ రోగులకు ఏమీ తెలియదు. పారదర్శకత ఉంది, ఉండాల్సిన వైపు లేదు. ఎంత చెప్పామన్న ప్రశ్నకు ముందు, ఎవరికి చెప్పామన్న ప్రశ్న ఉంది.

విద్యార్థిని: మన ఖమ్మంలోనూ అదే జరిగిందనిపిస్తుంది. 2009లో అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్లలో చదువుకునే పిల్లలు కూడా అందులో ఉన్నారు. తర్వాత జరిగిన విచారణలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం తల్లిదండ్రులది కాదు, హాస్టల్ వార్డెన్లది.

మాస్టారు: టీకా తయారీదారులే ఉచితంగా ఇచ్చారు కదా?

విద్యార్థిని: అవును. దాన్ని డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్ అన్నారే గానీ, అది క్లినికల్ ట్రయలేనని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తేల్చింది. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే మాస్టారూ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది.

మాస్టారు: మంచిదైనప్పుడు తల్లికి చెప్పడానికి సంకోచం దేనికి? మంచి పని చేస్తున్నామన్న నమ్మకమే చాలాసార్లు మనిషిని అడగకుండా చేస్తుంది. పైగా ఆ తల్లి మనసులో అనుమానం మిగిలింది. రేపు ఇంకో మంచి టీకా తెచ్చినవాళ్లు ఆ అనుమానానికే జవాబు చెప్పుకోవాలి.

విద్యార్థిని: మరి నాకు డబ్బిచ్చిన సంస్థ పేరు వినగానే ఎవరైనా వద్దని వెళ్లిపోతే?

మాస్టారు: వెళ్లిపోనీ. పేరు చెబితే వెళ్లిపోయే మనిషి దగ్గర, పేరు చెప్పకుండా తీసుకున్నది సమ్మతి ఎలా అవుతుంది?

విద్యార్థిని: అయితే ఈ వివరాలు నేను మొదట ఇవ్వాల్సింది జర్నల్‌కు కాదు. నాకు జవాబులిచ్చిన ఆడవాళ్లకు తెలుగులో ఒక పేజీ రాస్తాను. డబ్బు ఎవరిది, ఏం తేలింది, ఏది తేలలేదు, వాళ్ల మాటలను నేను ఎలా వాడుకున్నాను, ఇవన్నీ అందులో ఉంటాయి. చదువు రానివాళ్లకు చదివి వినిపిస్తాను. వద్దన్నవాళ్ల జవాబులు తీసేస్తాను. ఆ తర్వాతే పేపర్ పంపుతాను.

మాస్టారు: జర్నల్ అదంతా అడగదమ్మా. పైగా ఆలస్యమవుతుంది.

విద్యార్థిని: 1967లోనూ జర్నల్ అడగలేదు కదా మాస్టారూ.