నొప్పి తెలియని పాదానికి దీక్ష ఏది?

భవానీ దీక్ష విరమణ రోజులొస్తే భవానీపురం దారులు ఎర్రబారతాయి. నెత్తిన ఇరుముడి, ఒంటిమీద ఎర్రబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. కృష్ణలో మునిగి, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసి అమ్మవారి దర్శనానికి వెళ్తారు. రాళ్లు గుచ్చుకుంటాయి, తారురోడ్డు చురుక్కుమంటుంది. ఆ బాధ ఓర్చుకోవడమే తపస్సని చాలామంది నమ్మకం.

మరి ఆ బాధే తెలియని భవాని సంగతేమిటి?

ఏళ్ల తరబడి షుగరు ఉన్న కొందరికి నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ పోతుంది. గాజుపెంకు దిగినా తెలియదు. ఓర్చుకోవడానికి నొప్పే లేనప్పుడు ఆయన చేస్తున్నది తపస్సా, వట్టి నడకా?

1946లో రాయవెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ జీవితమంతా నొప్పి చుట్టూనే తిరిగింది. ఇలాగే స్పర్శ పోయిన కుష్ఠురోగుల పాదాలు పాడయ్యేది చాలావరకు నొప్పి తెలియక దెబ్బమీద దెబ్బ తగలడం వల్లేనని ఆయన చూపించాడు. అరికాలు తడిమి, వేడి తగిలిన చోట పుండు పడబోతోందని పసిగట్టేవాడు. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో ఆ పనికి థర్మల్ కెమెరా తోడైంది.

చర్మం నుంచి వెలువడే పరారుణ కిరణాలను కెమెరా రంగుల్లో చూపిస్తుంది. లోపల వాపు మొదలైన చోట రక్తప్రవాహం పెరిగి వేడెక్కుతుంది. రెండు పాదాల్లో ఒకే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ మించి తేడా కనిపిస్తే నడక తగ్గించాలి. చేతి థర్మామీటర్‌తో రోజూ ఇలా చూసుకున్న షుగరు రోగుల్లో పుండ్లు తగ్గాయని అమెరికాలో జరిగిన పరీక్షల్లో తేలింది.

అమ్మ మీద భారం వేశాక ఈ కెమెరాలెందుకు అనేవారుంటారు. వాళ్లూ దీక్షలో షుగరు మాత్ర మానరు కదా! భగవద్గీత 17వ అధ్యాయం శారీరక తపస్సులో పూజ, శుచి, బ్రహ్మచర్యాల సరసన అహింసనూ చేర్చింది. శాస్త్రం చెప్పని ఘోరతపస్సుతో ఒంటిని కృశింపజేసేవారిది ఆసుర నిశ్చయమంది. ఆ అహింస ఎదుటివారికే గాని తన కాలికి వర్తించదనడం ఎలా?

కెమెరా కూడా సర్వజ్ఞురాలు కాదు. ప్రదక్షిణ ముగిసిన వెంటనే తీస్తే నడక వేడే కనిపిస్తుంది. కాసేపు కాళ్లు చాపుకుని కూర్చున్నాకే తీయాలి. రక్తం సరిగా అందని పాదం చల్లగా కనిపించి, లోపలి వాపును దాచనూవచ్చు. అందుకే డాక్టరు నాడి చూస్తాడు, సన్నని నైలాన్ తీగతో స్పర్శ పరీక్షిస్తాడు. చెప్పులు వేసుకోమన్నాడనుకోండి, గుడిలోకి వెళ్లేముందు ఎలాగూ విప్పాల్సిందే. మధ్యలో ఉన్న తారురోడ్డు సంగతే మాల వేసుకునే ముందే, దాన్ని వేసే గురుభవానితో మాట్లాడుకోవాలి.