వాయిదాపడిన విద్య

2020లో కరోనా ప్రబలినప్పుడు మన నెల్లిమర్లలోని మహారాజా వైద్యకళాశాల ఆసుపత్రి ఆ రోగుల కొరకు ప్రత్యేకింపబడెను. అట్టి ఆసుపత్రులలో వరిబీజము మొదలగు, ఆగదగిన ఆపరేషనులు వాయిదాపడెను. మూడేండ్లలో శస్త్రచికిత్స నేర్వవలసిన యువవైద్యులు కత్తి విడిచి, ఊపిరాడనివారి మంచముల ప్రక్క నిలిచిరి.

లూకా 10వ అధ్యాయములోని సమరయుడును తన ప్రయాణము ఆపుకొనెను. అతని కొరకు వేరొక ఊర ఎవరు కనిపెట్టుచుండిరో మనము అడుగము! ఇచ్చట అడుగవలెను. సేవ చేసినంతమాత్రమున చేతికి నేర్పు రాదు. ఆ కొరతను రేపు బల్లమీద పరుండబోవు కూలివాడు మోయవలెనా?

“ఇది నాకింకను పట్టుబడలేదు” అని పెద్దవైద్యునితో చెప్పి, ఆయన ప్రక్కను నిలిచి నేర్చుకొనుటయు ఆ సేవలోని భాగమే యని నా తలంపు. అట్లు చెప్పినవానిని పెద్దలు చులకన చేసినయెడల, మరియొకడు నోరు విప్పడు.