ఎవరి భాష నెవరు నేర్వవలెను?

మాట మనసులను కలుపునని పెద్దలు చెప్పుదురు. మాటయే మనసులను విరుచుననియు వారే చెప్పుదురు. ఒకే భాష మాటలాడు అన్నదమ్ములు పొలముగట్టు కొరకు కోర్టు కెక్కుట కలదు. ఒకరి మాట ఒకరికి తెలియని బాటసారులు ఒకే చెట్టునీడన చద్దిమూట విప్పి పంచుకొనుటయు కలదు. కావున భాష వచ్చినంత మాత్రమున స్నేహము వచ్చునని చెప్పుటకు వీలులేదు. అయినను భిన్నభాషల ప్రజల నడుమ సామరస్యము నెలకొల్పుటకై ప్రభుత్వములు భాషాశిక్షణను సాధనముగా చేపట్టుచునే యున్నవి. ఒకరి భాషను మరియొకరిచే చట్టము ద్వారా నేర్పించుట ధర్మమేనా? ధర్మమైనచో ఎవరి భాష నెవరు ముందుగా నేర్వవలెను? ఈ ప్రశ్నకు సమాధానము సరిహద్దు గ్రామములలో వెదకిన స్పష్టముగా దొరకును.

చెన్నపట్టణమునకు వాయవ్యముగా, ఆరణి యేటి యొడ్డున పెరియపాళయము కలదు. ఆ యేరు ఆంధ్రదేశపు కొండలలో పుట్టి, తమిళదేశమున ప్రవహించి, సముద్రతీరమున పులికాట్ సరస్సును చేరును. ఊరిలోని భవానీ అమ్మవారి దర్శనమునకు ఆడిమాసమున జనము తండోపతండములుగా వత్తురు. నాగలాపురము, సత్యవేడు వైపులనుండి వచ్చు తెలుగువారును, తిరువళ్లూరు, పొన్నేరి వైపులనుండి వచ్చు తమిళులును ఒకే వరుసలో నిలుతురు. మ్రొక్కు తీర్చుకొనుటకు వేపాకు చీర కట్టుకొను స్త్రీ, ఆ వేపమండలు అమ్మినవారిది ఏ భాషయని విచారింపదు. బేరము తెలుగున మొదలై తమిళమున ముగియును. ఇందుకై ఏ ప్రభుత్వమును తరగతులు నడుపలేదు. అంగడియే వారికి బడి.

అట్లయిన ప్రభుత్వము చేయవలసిన దేమున్నది అని అడుగవచ్చును. అంగడిలో అమ్మువానికి కొనువాడు కావలెను, కొనువానికి అమ్మువాడు కావలెను. అవసరము ఇరుప్రక్కల నున్నది గనుక ఇరువురును నేర్చుకొందురు. అదే స్త్రీ మరునాడు భూమి పట్టా కొరకు కచ్చేరికి, బిడ్డ జ్వరమునకు ఆసుపత్రికి వెళ్లినచో పరిస్థితి మారిపోవును. అచ్చట అవసరము ఆమెది మాత్రమే. కుర్చీలో కూర్చున్నవారికి ఆమె భాష రాకున్నను జీతము ఆగదు. వారి భాష ఆమెకు రానిచో పని ఆగిపోవును. సామరస్యము పరీక్షకు వచ్చునది సంతలో కాదు, ఈ కిటికీ యొద్దనే.

ఈ ప్రాంతపు చరిత్ర ఈ ప్రశ్నను మరింత సున్నితము చేసినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప సరిహద్దును గూర్చి తెలుగువారికిని తమిళులకును తీవ్రమైన వివాదము నడచెను. పటాస్కర్ మధ్యవర్తిత్వము వహించి, గ్రామమును ప్రమాణముగా తీసికొని, ఏ గ్రామమున ఏ భాషవా రధికులో చూచి సరిహద్దును సూచించెను. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము 1960 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. అంతవరకు చిత్తూరు జిల్లాలోనున్న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున చేరెను. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చెను.

గీత గీయుట సాధ్యమే. కాని ఒక యింటిలోని రెండు భాషల నడుమ గీత యెట్లు గీయగలరు? 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పండితుని ఏ ప్రక్కకు లెక్కింతురు? గీతకు దక్షిణమున తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. ఉత్తరమున తమిళులు అల్పసంఖ్యాకులైరి. ఒక చోట అధికులైనవారు మరియొక చోట అల్పులు. ఈ సత్యమును ఇరువురును జ్ఞప్తియందుంచుకొన్నచో సగము కలహము తీరిపోవును.

రాజ్యాంగము ఈ అవస్థను గుర్తించినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపుడని రాష్ట్రములను కోరినది. 350-బి అధికరణము వారి రక్షణలను విచారించుటకు ప్రత్యేకాధికారిని నియమింపుమన్నది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశము త్రిభాషా సూత్రమును అంగీకరించెను. దక్షిణాది బిడ్డ హిందీ నేర్చినట్లే ఉత్తరాది బిడ్డ దక్షిణాది భాష నొకదానిని నేర్చుట మేలని 1968 నాటి జాతీయ విద్యావిధానము తెలిపెను. కాని ఉత్తరాది పాఠశాలలలో పెక్కింట ఆ మూడవ స్థానము సంస్కృతమునకు పోయెను. తమిళనాడు ఆ సూత్రమును త్రోసిపుచ్చి, 1968లోనే ద్విభాషా విధానమును చేపట్టెను. ఒకరు మాత్రమే నేర్చుకొనవలసివచ్చినపుడు శిక్షణ సామరస్యమునకు బదులు అనుమానమును పెంచునని దీనివలన తేటతెల్లమైనది.

ఆ అనుమానమును అనుభవించిన తమిళనాటనే 2006లో తమిళాభ్యాస చట్టము వచ్చెను. ఒకటవ తరగతితో ఆరంభించి ఏటేటా పై తరగతులకు విస్తరింపజేసి, పాఠశాలలలో తమిళమును నిర్బంధ భాషగా చేసిరి. తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ కుటుంబముల బిడ్డలకు మాతృభాష ఐచ్ఛిక స్థానమునకు జరిగెను. అల్పసంఖ్యాకుల సంఘములు న్యాయస్థానముల నాశ్రయింపగా, పదవ తరగతి పరీక్షలో కొందరికి కొన్ని మినహాయింపులు లభించెను.

ఇందులో రెండు పక్షములకును న్యాయము కలదు. తమిళనాట పుట్టి పెరిగి, అచ్చట ఉద్యోగము చేయదలచు బిడ్డకు తమిళము రాకపోవుట ఆ బిడ్డకే నష్టము. ఇరుగుపొరుగువారి భాష నేర్వనను పట్టుదల ఆత్మగౌరవము కాదు. ప్రభుత్వమువారి వాదములోని సత్యమిది. కాని క్రొత్త భాష నేర్పుటకు ఇంటిభాషను ప్రక్కకు నెట్టనక్కరలేదు. అవ్వ చెప్పు కథ మనుమరాలికి తెలియును గాని, అవ్వ వ్రాసిన ఉత్తరము మనుమరాలు చదువలేని స్థితి వచ్చినచో ఆ యింటికి కలిగిన నష్టమును ఏ పరీక్షాఫలితమును తీర్చజాలదు. అల్పసంఖ్యాకుల వాదములోని సత్యమిది. ఒక సత్యము రెండవదానిని కొట్టివేయదు. రెంటికిని చోటిచ్చు చూపునే జైనదర్శనము అనేకాంతమన్నది.

శిక్షణ ఎవరికి అను విషయమున పూర్వానుభవము కొంత దారి చూపును. 1812లో చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోటకు చెందిన కళాశాల నెలకొల్పి, ఈస్టిండియా కంపెనీ తన యువ ఉద్యోగులకు తెలుగు, తమిళము మొదలగు భాషలు నేర్పించెను. అందలి ఉద్దేశము స్నేహము కాదు, శిస్తు వసూలును పరిపాలనయు. అయినను 1817లో చెన్నపట్టణమున దిగిన సి. పి. బ్రౌను అట్లు నేర్చిన తెలుగును విడువలేక వేమన పద్యములను అచ్చొత్తించెను, మహానిఘంటువులను కూర్చెను. ఏలువాడు ఏలబడువాని భాష నేర్చినందున, పాలకుని స్వార్థమునుండియు కొంత ప్రేమ పుట్టినది. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణము సింహళద్వీపమున కలదు. 1956లో సింహళమొక్కటే అధికారభాష యని చట్టము చేసిరి. తరువాత దశాబ్దముల తరబడి రక్తము ప్రవహించెను. 1987లో తమిళమునకును అధికారభాషా స్థానమిచ్చిరి. 2007లో, క్రొత్తగా చేరు ప్రభుత్వోద్యోగులు రెండవ అధికారభాషను నిర్ణీతకాలములో నేర్వవలెనని ఉత్తర్వు వెలువడెను. ఉత్తర్వు మంచిదే. కాని అది యాబది యేండ్లు ఆలస్యముగా వచ్చినది.

ఈ దేశమున సరియైన దిశలో జరిగిన ప్రయత్నములును లేకపోలేదు. 1969లో మైసూరున భారతీయ భాషల కేంద్రసంస్థ స్థాపింపబడెను. దాని ప్రాంతీయ కేంద్రములలో ఇతర రాష్ట్రముల ఉపాధ్యాయులకు పదినెలలపాటు పరాయి భాష నొకదానిని నేర్పించు పద్ధతి ఏర్పడెను. ఇచ్చట విద్యార్థి బాలుడు కాదు, గురువే. ఐ.ఏ.ఎస్. అధికారులు తమకు కేటాయించిన రాష్ట్రపు భాష నేర్వవలెనను నియమమును ఈ కోవలోనిదే.

జైనులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. వర్ధమానుడు పండితుల భాషను కోరక, ప్రజల వాడుకలోని అర్ధమాగధిని గ్రహించెను. వినువాడు వక్తవద్దకు ఎక్కిరానక్కరలేదు, వక్తయే వినువాని యొద్దకు దిగిరావలెనని అందలి భావము. పదవ శతాబ్దమున పంపకవి తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతపు కురిక్యాలలో, జినబింబములు చెక్కించిన కొండరాతిపై సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో శాసనము వ్రాయించెను. త్రిభాషా సూత్రము పుట్టుటకు వేయియేండ్ల క్రిందటి మాట అది. మార్వాడము, గుజరాతులనుండి వచ్చిన వర్తక కుటుంబములు అంగడిగద్దెపై కూర్చుండి తెలుగు నేర్చినవి. ఆరంభమున అది అవసరమే. రెండవ తరమునకు అది పెండ్లి పిలుపుల భాషయైనది.

ఈ యుదాహరణములను కలిపి చూచినచో ఒక్క విషయము తేలును. అవసరము బలహీనునికి భాష నేర్పును. బలవంతునికి నేర్పవలసినది ధర్మము. ఊరివారి భాషను వలసకూలీ ఎవరును చెప్పకుండనే నేర్చుకొనును. అధికారికి, వైద్యునికి, ఉపాధ్యాయునికి, అధికసంఖ్యాకుని బిడ్డకు ఆ అవసరము లేదు. కావున ప్రభుత్వము తన ధనమును శ్రమను ముందుగా వారిపై వెచ్చింపవలెను. అల్పసంఖ్యాకుని బిడ్డకు రాష్ట్రభాషను నేర్పవలసినదే. దానితోపాటు ఇంటిభాషను నిలుపవలసినదే. సరిహద్దునకు ఉత్తరమున తమిళ బిడ్డకును ఇదే న్యాయము వర్తించును.

భాషాసమితి యనగా ఇతరులకు బాధ కలుగనట్లు మాటలాడుట. ఎదుటివాని మాట అర్థము చేసికొను ప్రయత్నము లేనిదే ఆ వ్రతము పూర్ణము కానేరదు. పెరియపాళయపు కచ్చేరి కిటికీ యొద్ద తెలుగు స్త్రీని తమిళ ఉద్యోగి "కూర్చోండమ్మా" అని పలుకరించిన దినమున, సత్యవేడు కచ్చేరిలో తమిళ వృద్ధుని తెలుగు ఉద్యోగి "ఉట్కారుంగ అయ్యా" అని పలుకరించిన దినమున, ఆ రెండు మాటలు సరిహద్దు చట్టము చేయజాలని పనిని చేయును. నేర్వవలసినది ముందుగా ఆ రెండు మాటలే. నేర్వవలసినవారు ముందుగా కుర్చీలో నున్నవారే.