పంకమును పద్మమును

అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవలో, తామరాకుమీద నీటిబొట్టు పాదరసమువలె దొర్లుచుండగా చూచినవానికి, ఫలాసక్తి విడిచి కర్మ మొనర్చువానిని పద్మపత్రముతో పోల్చిన భగవద్గీత చూపెంత నిశితమో వేరుగ చెప్పనక్కరలేదు. ఐతే ఆకు తడియకున్నను దుంప బురదలోనే యుండి, అందలి సారముతోనే బ్రదుకుచున్నదని మన వేదాంతులు తరచుగా మరతురు. కావున పద్మము బోధించు వైరాగ్యము లోకత్యాగము కాదని నా తలంపు.

ఆ జిల్లాలోనే బొజ్జన్నకొండపై గుహలు తొలిపించిన బౌద్ధులును ఈ పుష్పమునే వరించిరి. అమరావతి మహాస్తూప ప్రాకారమున అడ్డుకమ్ములపై, దుద్దుచుట్టు వలయములు వలయములుగా రేకులు విచ్చిన పద్మములను సున్నపురాతిలో మలిపించిరి. ప్రాచీన ఈజిప్టువాసులు సూర్యోదయమునకు ముడిపెట్టిన నీలిపువ్వు మాత్రము, వృక్షశాస్త్రరీత్యా, మన తామర కాదు, కలువ.