వద్దనే హక్కు, అడిగే హక్కు

ఉక్కునగరం క్వార్టర్‌లో మా అమ్మకి యాభై రెండేళ్లప్పుడు ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. డాక్టరు హార్మోన్ మాత్రలు రాస్తే, "కేన్సర్ వస్తుందట" అని చీటీ మడిచి దేవుడి అరలో పెట్టేసింది.

ఆ భయం 2002 నాటిది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధనలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన ప్రతి పదివేల మందిలో ఏడాదికి రొమ్ము కేన్సర్లు 8 పెరిగాయి, తుంటి ఎముక విరగడాలు 5 తగ్గాయి. వాళ్ల సగటు వయసు 63. అరవై లోపు మొదలుపెడితే, రొమ్ము కేన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి చరిత్ర లేనివాళ్లలో చాలామందికి మేలే ఎక్కువని ఇప్పటి వైద్యం అంటోంది.

మెనోపాజ్ సహజం, దాన్ని జబ్బు చెయ్యొద్దని నేనూ సెమినార్లలో వాదించాను. మా ఇంట్లో పనిచేసే ఆమె ఓరోజు ప్లాస్టిక్ కవర్లోంచి పాత ఆస్పత్రి కాగితం తీసి చదవమంది. ముప్ఫై నాలుగేళ్లకి గర్భసంచి తీశారని ఆమెకి తెలుసు. కాగితంలో అండాశయాలు కూడా ఉన్నాయి.

"అయ్యీ తీసేశారా అమ్మా?"

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంత చిన్నప్పుడే అండాశయాలు పోతే ఎముకలకీ గుండెకీ ముప్పు. వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలి. ఆమెకి ఎవరూ చీటీ రాయలేదు.

అమ్మ సగం తెలిసి వద్దంది. ఈమెని అసలు అడగనేలేదు. రెండింటినీ 'స్త్రీ ఎంపిక' అని నేనెలా రాయను? ఆమెది సహజమని ఏ ముఖంతో చెప్పను?