ఏ విల్లు కొనాలి?

పోయిన చైత్రంలో ఇటుకల పండుగ నాడు మా ఊరి కుర్రాడొకడు ఫోను తెచ్చి చూపించాడు. అందులో క్రాస్‌బో బొమ్మ. "తాతా, వేటకి ఏది పనికొస్తాది? ఇదా, మన వెదురు విల్లా?" పక్కనున్న మేమంతా నవ్వాం. జవాబు మాత్రం ఎవరం చెప్పలేదు. వాడి బాధ మాకు తెలుసు. ఖాళీ చేతులతో అడవి నుంచి దిగితే ఆడవాళ్ళు ఎగతాళి చేసి పేడనీళ్ళు చల్లుతారు.

క్రాస్‌బో అంటే తుపాకీ మడమలాంటి కర్రకు అడ్డంగా బిగించిన విల్లు. నారిని వెనక్కి లాగి గొళ్ళేనికి తగిలిస్తే అక్కడే ఆగుతుంది. మీట నొక్కినప్పుడే బాణం పోతుంది. మన విల్లు అలా కాదు. లాగిన చెయ్యి ఎంతసేపు ఓర్చుకుంటే అంతసేపే. చెయ్యి వణికేలోగా వెయ్యాలి, తగలాలంటే దగ్గరకు పోవాలి. అందుకే మన పెద్దలు గురి కంటే ముందు నడక నేర్చారు. గాలి ఎటు వీస్తోంది, ఎండుటాకు మీద అడుగెలా వెయ్యాలి, ఏ జంతువు ఏ వేళకు నీటికొస్తుంది అన్నీ చూసుకున్నారు.

పట్నపు వస్తువు కాబట్టి క్రాస్‌బో వద్దంటే అది సరైన మాట కాదు. చైనాలో యునాన్ కొండల లిసు ఆదివాసులకు అది తరతరాల ఆయుధం. ఆ లిసులే మన అరుణాచల్‌లో యోబిన్లుగా ఉన్నారు. మాలో ఒక మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు: సగం దెబ్బ తిని పొదల్లో రోజుల తరబడి మూలిగే జంతువు కంటే ఒక్క దెబ్బకు పోయే జంతువు నయం కదా. ఆ మాటను తోసెయ్యలేకపోయాం.

అయినా మాకు తోచింది ఇది. దగ్గరకు పోలేనివాడు వెయ్యకూడదు, చూలు జంతువును విడిచిపెట్టాలి అన్న కట్టుబాట్లకు చేతి బలహీనత కూడా కాపు కాసింది. ఆ బలహీనత పోతే కట్టు నిలుస్తుందా? నాటు తుపాకీ వచ్చాక నిలవలేదు. అడవి పందికని పొలం గట్టున కరెంటు తీగ పెట్టేవాళ్ళు మనలోనే ఉన్నారు. తీగకు కళ్ళుండవు. దాని మీద పశువూ పడుతుంది, మనిషీ పడతాడు. అడవి ఖాళీ అయిందని బయటివాళ్ళను తిట్టేటప్పుడు (తిట్టాల్సిందే, గనులు తవ్వింది మనం కాదు) ఈ తీగ సంగతి దాచిపెడుతున్నాం.

మాస్టర్లు పిల్లలకు ఇంకొకటి చెప్పక తప్పదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేని వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మన సంప్రదాయ హక్కులను ఒప్పుకుంటూనే వేట హక్కును మాత్రం మినహాయించింది. పోడు పట్టాల కోసం ఆ చట్టాన్ని గట్టిగా చదివే మనం ఆ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తాం. అది న్యాయమా అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ కేసు పడితే వేసింది ఏ విల్లుతో అని చూసి వదిలెయ్యరు. ఆ కుర్రాడికి మేం ముందు చెప్పాల్సింది ఇదే. నవ్వుతూ కూర్చున్నాం.

మొన్న వాడికి తాత విల్లు ఇచ్చి అరటి బోదె మీద వెయ్యమన్నాం. ఇరవై అడుగుల నుంచి మూడు బాణాలు వేశాడు, మూడూ తప్పాయి. నాలుగోదానికి బోదె వైపు నాలుగడుగులు జరిగాడు. ఫోనులో ఆ బొమ్మ ఇంకా ఉంది.